ముందు పేరు దాచండి, డబ్బు సంగతి తర్వాత: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, ఎస్పీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను మందస మండలంలో కొండవార ఊరివాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మబ్బు లేని రోజున మా వీధి చివర నిలబడితే మహేంద్రగిరి కనిపిస్తుంది. కొండ మీద సవర గూడేలు, కొండ కింద జీడితోటలు, ఇంకా కిందికి పోతే కొబ్బరి, ఆ తర్వాత సముద్రం. ఈ మధ్యలో ఎన్ని ఇళ్ళల్లో లైసెన్సు లేని తుపాకులున్నాయో మీ రికార్డుల్లో ఉండదు. ఊళ్ళవాళ్ళకు మాత్రం తెలుసు.

నాటు తుపాకులు, అక్రమ ఆయుధాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం, తగిన పారితోషికం ఇస్తాం అని పోలీసు శాఖ ప్రకటనలు ఇస్తుంటుంది. మంచి మాటే. నేను దానికి అడ్డం చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట నిజంగా జరగాలని రాస్తున్నాను. ఎందుకు ఇంత పట్టుదలగా అడుగుతున్నానో ముందు చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట మా అక్క కొడుకు చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు, ఐటీఐ పూర్తి చేసి ఉద్యోగానికి చూస్తున్నాడు. పనసపళ్ళు మాగే రోజులు. ఆ వాసనకి అడవిపందులు తోటల్లోకి దిగుతాయి. ముగ్గురు స్నేహితులతో కలిసి రాత్రి తోటకి పోయాడు. తలకి కట్టుకున్న టార్చిలైటు ఆరిపోతే తీసి, జీడిచెట్టు కింద వంగి బాగుచేసుకుంటున్నాడట. రాలిన ఆకులు గలగలమన్నాయి. అవతల ఉన్నవాడు పంది అనుకున్నాడు. కాల్చినవాడు ఎవరో కాదు, అయిదో తరగతి దాకా వీడి పక్కన కూర్చుని చదివినవాడు. పలాస ఆసుపత్రికి మోసుకెళ్ళేలోపే అయిపోయింది. ఒక ఇంట్లో పిల్లవాడు పోయాడు, ఇంకొక ఇంట్లో పిల్లవాడు జైలుకు పోయాడు. రెండు ఇళ్ళూ ఒకే వీధిలో ఉన్నాయి. ఆ వీధిలో నడవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ తుపాకీని నేను అంతకు ముందే చూశాను. గొట్టం నీళ్ళ పైపు. చెక్క మడమ మీద గొట్టాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టారు. గొట్టం మూతి లోంచి మందు పోసి, కొబ్బరిపీచు కూరి, బేరింగు గుళ్ళు వేసి, మళ్ళీ పీచు పెట్టి ఇనప చువ్వతో దట్టించాలి. దట్టించేటప్పుడు చెయ్యి కొంచెం ఎక్కువ పడినా, మందు కొంచెం ఎక్కువైనా, పేలేది కాల్చేవాడి మొహం మీదే. పశువుల శాలలో, చూరులో, తాటాకుల మధ్య దాచేవారు. ఆ శాల ముందు నుంచే రోజూ పాలు పోసే ఆవిడ వెళ్ళేది, పిల్లలు బడికి వెళ్ళేవారు. అందరికీ తెలుసు.

పెద్దకర్మ అయిన రోజున మా అక్క నన్ను అడిగింది: "అందరికీ తెలుసు కదా తమ్ముడూ, ఒక్కలైనా సెప్పలేదేటి?"

నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఒకరు చెప్పారు. ఆ చెప్పినవాణ్ణి నేనే.

ఆ చావుకి రెండేళ్ళ ముందు ఒక ఉద్యోగికి చెప్పాను. ఎవరో, ఏ ఆఫీసో ఇక్కడ రాయను, ఆయన మీద పగ తీర్చుకోవడానికి కాదు ఈ లేఖ. నమ్మకంగా, పక్కకి పిలిచి చెప్పాను. మర్నాడు సాయంత్రానికి తుపాకీ ఇంటాయన మా గుమ్మంలో ఉన్నాడు. కోపంగా కూడా లేడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఏటి మావా, నా గురించి సెప్పినావంట? నానేటి అన్నేయం సేసినాను నీకు?" అన్నాడు. తుపాకీ అప్పటికే చూరు మారింది. సోదాకి ఎవరూ రాలేదు. నేను మళ్ళీ నోరెత్తలేదు. మా ఆవిడ ఎత్తనివ్వలేదు కూడా. ఆ ఇంటి పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు, మా పొలానికి నీరు వచ్చే కాలవ వాళ్ళ గట్టు మీదుగానే రావాలి. ఊళ్ళో ఉండేవాడికి ఇవి చిన్న విషయాలు కావు.

అయ్యా, మీరు ఇచ్చే పారితోషికం పదివేలైనా యాభైవేలైనా, ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడ్డ మనిషి ముందు అది నాకు పనికొచ్చేది కాదు. పనికొచ్చేది ఒక్కటే, నా పేరు ఆయనకు తెలియకపోవడం.

చట్టం ఈ విషయంలో మన పక్షానే ఉంది. ఒక నేరం గురించిన సమాచారం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని ఎవరూ బలవంతం చేయకూడదని పాత సాక్ష్యాల చట్టం 125వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే 131వ సెక్షన్. అంటే కోర్టులో కూడా పేరు చెప్పమని బలవంతం చేయలేరు. మన దగ్గర పేరు బయటపడేది కోర్టులో కాదు. టీ కొట్టు దగ్గర. జీపు దిగిన మనిషి "మీ ఊరోళ్ళే చెప్పార్లే" అన్న చోట. పత్రికలకు ఇచ్చే నోటులో "పక్క తోట రైతు ఇచ్చిన సమాచారం మేరకు" అని ఒక ముక్క ఎక్కువ రాసిన చోట. పక్క తోటకి రైతు ఒకడే ఉంటాడు కదండీ.

పోస్టాఫీసులో కూర్చున్నవాడిగా నాకు ఈ సంగతి బాగా తెలుసు. ఆకాశరామన్న ఉత్తరాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి. ఎమ్మార్వో గారికి, కలెక్టర్ గారికి, పోలీసులకు. కవరు మీద వంకరగా రాసిన చిరునామా చూస్తే రాసింది ఎవరో నాకు తెలిసేది, నేను రాయడం నేర్పినవాళ్ళే అందులో కొందరు. తెలిసినా ముద్ర కొట్టి సంచిలో వేశానే తప్ప మా ఇంట్లో కూడా చెప్పలేదు. అది ఉద్యోగ ధర్మం. చదువు రానివాళ్ళకు వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవాణ్ణి, అందులో విన్నది అక్కడే వదిలేసేవాణ్ణి. ఒక గ్రామీణ డాక్ సేవకుడికి సాధ్యమైనది ఒక శాఖకి అసాధ్యం అంటే నేను నమ్మలేను.

డబ్బు గురించి ఇంకొక మాట. ఊళ్ళో రహస్యంగా రాగలిగేది ఏదైనా ఉందేమో గానీ డబ్బు రాదు. మద్రాసు నుంచో గుజరాత్ రేవుల నుంచో మనియార్డరు వస్తే, నేను సైకిలు దిగకముందే ఎంత వచ్చిందో వీధికి తెలిసిపోయేది. ఇప్పుడు మనియార్డర్లు పోయి బ్యాంకు వచ్చింది, కానీ పాసుబుక్కు ఎంట్రీ చదివిపెట్టేది పక్కింటి కుర్రాడే. ఫోనుకి మెసేజ్ వస్తే చదివేది మనవడు. కూలికి పోయే మనిషి ఖాతాలో ప్రభుత్వం పేరుతో ఒక్కసారి పాతికవేలు పడితే, అది ఏ పథకం డబ్బు అని పది మంది అడుగుతారు. ఏ పథకమూ కాదని తేలిన రోజున ఆ మనిషి సంగతి ముగిసినట్టే. అందుకే "మీ బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి" అన్న మాటతో మొదలయ్యే పారితోషికం మా వైపు ఎవరూ తీసుకోరు.

వేరే దేశంలో దీనికి ఒక దారి వెతికారు. 1976లో అమెరికాలో అల్బుకర్కీ అనే ఊళ్ళో పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాడి హత్య ఎంతకీ తేలలేదు. తెలిసినవాళ్ళు భయంతో చెప్పడం లేదని గ్రహించి ఒక డిటెక్టివ్ ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఫోన్ చేసినవాణ్ణి పేరు అడగరు, ఒక నంబరు ఇస్తారు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్నా, డబ్బు తీసుకోవాలన్నా ఆ నంబరే చెప్పాలి. డబ్బు నగదుగా ఇస్తారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. న్యూయార్క్ పోలీసులు అక్రమ తుపాకీ గురించి చెప్పినందుకు అరెస్టు జరిగితే వెయ్యి డాలర్లు అని మొత్తం ముందే ప్రకటించి పెట్టారు. మన "తగిన పారితోషికం" అనే మాటలో ఆ స్పష్టత లేదు. ఎవరికి తగిన? ఎంత తగిన? ఎప్పుడు? జీడిపిక్కలు కొట్టే ఆడమనిషి ఈ మూడూ తెలియకుండా ప్రాణం మీదికి తెచ్చుకోదు.

అంతదూరం పోనక్కర్లేదు. మన దేశంలోనే ఆదాయపు పన్ను శాఖ 2018లో తెచ్చిన పథకాల్లో, బినామీ ఆస్తి గురించి చెప్పినవాళ్ళకు కోటి రూపాయల దాకా, విదేశాల్లో దాచిన నల్లధనం గురించి చెప్పినవాళ్ళకు అయిదు కోట్ల దాకా ఇస్తామన్నారు. సమాచారం ఇచ్చినవాళ్ళకు ఒక కోడ్ ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. పెద్దవాళ్ళ ఆస్తుల గురించి చెప్పేవాళ్ళకు కోడ్ నంబరు ఉన్నప్పుడు, తాటాకు చూరులోని తుపాకీ గురించి చెప్పేవాళ్ళకు ఎందుకుండకూడదు?

నేను అడిగేది ఇదీ. ఫోన్ స్థానిక స్టేషనులో మోగకూడదు. శ్రీకాకుళంలో మోగాలి, ఎత్తేది మా మండలంతో సంబంధం లేని మనిషి అయ్యుండాలి. మా సిమ్ కార్డులన్నీ ఆధార్ ఇచ్చి తీసుకున్నవే, కాబట్టి ఫోన్ చేసిన నంబరే మా పేరు. ఆ నంబరు ఎవరెవరు చూస్తారో, ఎన్నాళ్ళు దాచుకుంటారో రాసిపెట్టాలి. ఉత్తరం రాసేవాళ్ళ కోసం ఒక పోస్టు బాక్సు నంబరు తీసుకోండి, ఉత్తరానికి చిరునామా అడగరు. డబ్బు జిల్లా కేంద్రంలో, నగదుగా, నంబరు మీద ఇవ్వండి. బస్సు ఛార్జీలు పెట్టుకుని మేము వస్తాం. కోర్టులో శిక్ష పడేదాకా ఆగమంటే ఏళ్ళు పడుతుంది. ఆయుధం దొరికి, అది పేలే ఆయుధమేనని ల్యాబు చెప్పాక ఇచ్చేయండి. ఇంకొకటి. ప్రకటనల్లో, మీటింగుల్లో "ఇన్ఫార్మర్" అనే మాట దయచేసి వాడకండి.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. మీరు బదిలీ మీద వచ్చినవారు, మీకు అది డిపార్ట్‌మెంటు మాట. మా దగ్గర ఆ మాట వింటే ముసలివాళ్ళు ఇప్పటికీ తల దించుకుంటారు. 1967 అక్టోబరు 31న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న లేవిడి దగ్గర, కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల మనుషుల తుపాకులకు బలయ్యారు. ఆ తర్వాత నక్సలైట్ల పోరాటంతో ఈ కొండలు ఎన్నేళ్ళు మండాయో మీరు రికార్డుల్లో చదివే ఉంటారు. ఇటు పోలీసులకు సమాచారం ఇచ్చాడని కొందరు, అటు నక్సలైట్లకు అన్నం పెట్టాడని కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొందరి విషయంలో అనుమానమే చాలింది. మా తాతల తరం నేర్చుకున్నది ఒక్కటే, ఎవరు అడిగినా "నాకు తెల్దు బాబూ" అనడం. మీ సిబ్బంది దాన్ని సహకరించకపోవడం అనుకుంటారు. అది బతకడం కోసం అలవాటైన మాట. దాన్ని మార్చాలంటే పోస్టరు చాలదు. చెప్పినవాడు క్షేమంగా ఉన్నాడని, పేరు తెలియకుండానే, జనానికి అర్థమయ్యేలా పదిసార్లు జరగాలి.

ఇక రెండో సంగతి. ఇది కలెక్టర్ గారిని ఉద్దేశించి.

అన్ని తుపాకులూ ఒకటి కావు. కొండ మీద తాత వదిలిపోయిన తుపాకీతో చోడిచేను, జొన్నచేను కాపలా కాసే సవర రైతు ఉన్నాడు. మాజీ సైనికుడైన తండ్రి చనిపోతే ఆయన లైసెన్సు తుపాకీని బీరువాలో పెట్టి మర్చిపోయిన కొడుకులున్నారు, అది ఇప్పుడు అక్రమ ఆయుధమని వాళ్ళకే తెలియదు. తుపాకులు తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు. రైళ్ళలో తెచ్చిన పిస్తోలు నడుముకి పెట్టుకుని భూమి పంచాయతీల్లో కూర్చునేవాళ్ళు వేరు. వీళ్ళందరి మీదా ఒకే రేటు పెడితే ముందు దొరికేది కొండ మీది ముసలాయనే. అతను పారిపోడు, లాయరు లేడు, దారి చూపించడానికి పక్క గూడెంలో ఒకడుంటాడు. కేసుల లెక్క పెరుగుతుంది, తయారుచేసేవాడు ఇంకొక గొట్టానికి మడమ బిగించుకుంటూ ఉంటాడు.

చట్టం కూడా ఈ తేడా చూసింది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత, రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు. తయారుచేసినా, అమ్మినా ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా. పారితోషికం కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. తయారీదారుడికి, అమ్మేవాడికి దారి చూపినవాళ్ళకు పెద్ద మొత్తం. చేను కాపలా తుపాకీకి పారితోషికం అసలు వద్దు. దానికి వేరే దారి ఉంది.

ఆ దారి గడువు. ఫలానా తేదీ లోపు తెచ్చి అప్పగిస్తే కేసు ఉండదని చెప్పండి. 2025 ఫిబ్రవరిలో మణిపూర్ గవర్నరు అలా గడువు ఇస్తే, దాన్ని కొన్నాళ్ళు పొడిగించాక, వెయ్యి దాకా ఆయుధాలు వచ్చి చేరాయి. అంత రగిలిన చోటే తెచ్చి ఇచ్చారు. మా దగ్గర తేరా? ఆయుధాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు లేకుండా ఉంచుకున్నారన్న కేసు కోర్టుకు పోవాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇవ్వాల్సింది మీరే కదా. తనంతట తాను తెచ్చి ఇచ్చినవాడి మీద అనుమతి ఇవ్వనని మీరు ఒక్క మాట అంటే కొండ మీద దాని విలువ పదివేల పోస్టర్లంత. అప్పగించే చోటు పోలీసు స్టేషను ఒక్కటే కాకుండా సీతంపేట ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులో, ఊరి పెద్దలో పక్కన ఉండేలా చూడండి. స్టేషను మెట్లు ఎక్కడానికే భయపడేవాళ్ళున్నారు.

తుపాకీ తీసుకుంటే చేను ఎవరు కాస్తారు అని వాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అనుమతి లేకుండా పందిని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకొక నేరం అని చెప్తే చేనుకి కంచె రాదు. పంట నష్టం డబ్బు ఆలస్యం కాకుండా ఇప్పించండి, కంచెకి సాయం చేయండి. నిజమైన పంట కాపలా కోసం, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో రాసే ఉంది. ఈ ముక్క మా మండలంలో ఎవరికీ తెలియదు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో సవర భాషలో చెప్పించండి.

మీ అధికారులకు ఒక భయం ఉంటుంది, అది నాకూ ఉంది. డబ్బు పెడితే దొంగ సమాచారాలు వస్తాయి. గట్టు తగాదా ఉన్నవాడు ఎదుటివాడి గడ్డివాములో గొట్టం దూర్చి ఫోన్ చేస్తాడు. కాబట్టి సోదా చేసేటప్పుడు వీడియో తీయాలన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్‌ని అక్షరాలా పాటించండి. ఇల్లు తొక్కకముందు నుంచే ఫోన్ ఆన్‌లో ఉండాలి. ఇంటివాళ్ళ ముందు, ఊరి సాక్షుల ముందు వెతకాలి. అబద్ధపు సమాచారం ఇచ్చి ఒకరికి హాని చేయాలని చూస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 217వ సెక్షన్ కింద శిక్ష ఉందని కూడా అదే పోస్టరు మీద, అంతే పెద్ద అక్షరాల్లో రాయండి. మొదటి ఫోనుకే తలుపు బద్దలుకొట్టకుండా, స్టేషనుకి సంబంధం లేని అధికారి ఒకరు విచారించాక కదలాలి. ఆడవాళ్ళు, పిల్లలు నిద్రపోతున్న ఇంట్లోకి అర్ధరాత్రి వెళ్ళి ఏమీ దొరక్కపోతే, ఆ ఊరు మళ్ళీ పదేళ్ళు మీతో మాట్లాడదు.

ఈ లేఖ కింద నా పేరు పెట్టడం లేదు. మా ఊరివాళ్ళు చదివితే నన్ను పోల్చుకుంటారు, పోల్చుకోనివ్వండి. మా అక్కకి కూడా నిన్న రాత్రే చెప్పాను, ఆ రోజు చెప్పినవాణ్ణి నేనేనని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మళ్ళీ సెప్పాల్సింది" అంది.

అందుకే మళ్ళీ చెప్తున్నాను. మా ఊళ్ళో ఇంకొక తుపాకీ ఉంది. ఈసారి నేను ఎవరి చెవిలోనూ వేయలేదు, నేరుగా ఆ ఇంటికే వెళ్ళి అరుగు మీద కూర్చుని మాట్లాడాను. ఆయన చాలాసేపు చుట్ట కాల్చుకున్నాడు. అప్పుడన్నాడు: "ఇచ్చీడానికి నాకేటి బాధ లేదు బావూ. ఎక్కడికెల్లి ఇవ్వాలో సెప్పు. ఇచ్చినాక ఇంటికొస్తానో రానో సెప్పు."

ఆ రెండింటికీ జవాబు మీరు రాసి పంపండి. ఆయనకి చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా